నెగెటివు నాకియ్యరా

2001లో నేను చేరిన స్టూడియోలో ఫోటోషాప్ తెరుచుకునేలోపు బయటికెళ్లి ఒక టీ తాగి రావచ్చు. పెంటియం త్రీ మిషను, 128 ఎంబీ ర్యామ్, విండోస్ 98. ప్రోగ్రాం లోడయ్యేటప్పుడు తెర మధ్యలో ఒక చిన్న డబ్బా వచ్చేది, అందులో దాన్ని తయారుచేసిన వాళ్ల పేర్లు. నోరు తిరగని ఆ పేర్ల మధ్య ఒక్కటి మాత్రం మన పేరు: సీతారామన్ నారాయణన్. మిచిగాన్‌లో చదువుకుంటూ 1987లో దీనికి పునాది వేసిన థామస్ నోల్ ఎవరో మాకు అప్పటికి తెలీదు. ఆయన, ఆయన తమ్ముడు జాన్ కలిసి పెంచిన ఆ ప్రోగ్రామే 1990లో అడోబీ చేతుల మీదుగా మొదటిసారి బయటికొచ్చిందనీ తెలీదు. సీతారామన్ నారాయణన్ మాత్రం రోజుకి మూడుసార్లు కనిపించే మనిషి. కరెంటు పోయి వచ్చిన రోజైతే ఆరుసార్లు.

ఒకరోజు మా నాయనమ్మ అన్నం క్యారేజీ పట్టుకొచ్చి నా వెనక నిలబడింది.

"ఏటిరా, అలాగే సూస్తన్నావు? బొమ్మ కదలదేటి?"

"లోడవుతోంది నాయనమ్మా."

"ఆ రాసినవేటి?"

చదివి వినిపించాను. సీతారామన్ దగ్గరికి రాగానే చెంగు సర్దుకుని తెరకి దణ్ణం పెట్టుకుంది. "మంచిదే, ఆయన పేరు తలుసుకుని మొదలెడతన్నారు" అంది.

స్టూడియో బడా బజారు వైపు వెళ్లే దారిలో ఉండేది. ముందు కౌంటరు, వెనక గదిలో నీలం గుడ్డ, రెండు గొడుగు లైట్లు, దాని పక్కన అగ్గిపెట్టె లాంటి గదిలో కంప్యూటరు. బయట బోర్డు మీద మూడు భాషలు, ఒడియా, ఇంగ్లిషు, తెలుగు. బరంపురంలో ఇది వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమయ్యేదాకా మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. గీత గీసినప్పుడు మేము ఇటుపక్క ఉండిపోయాం, ఇచ్ఛాపురం అటుపక్క ఉండిపోయింది. పెళ్లి సంబంధాలు ఆ గీతని ఎప్పుడూ లెక్కచేయలేదు. సోంపేట పిల్ల బరంపురం కోడలవుతుంది, బరంపురం పిల్ల కాశీబుగ్గ వెళ్తుంది. మా నాయనమ్మ అలా వచ్చిన సోంపేట పిల్లే. అందుకని మా ఊళ్లో శుభలేఖలు రెండు మొహాలతో పుడతాయి, ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా.

అక్కడే దొరికిపోయాను నేను. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఓనరు "తెలుగు వచ్చా?" అని అడిగాడు. వచ్చన్నాను. అడిగింది మాట్లాడ్డం గురించనుకున్నాను. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడం, కానీ బడి అంతా ఒడియా మీడియమే. తెలుగు అక్షరం గుండ్రంగా ఉంటుందని తెలుసు, అంతే. మర్నాడు ఒకాయన చేతిరాతతో శుభలేఖ మేటరు ఇచ్చి వెళ్లాడు. ఆ కాయితం పట్టుకుని అరగంట కూర్చుని, మధ్యాహ్నం క్యారేజీ సంచిలో దాచి ఇంటికి తీసుకుపోయాను. సోంపేటలో అయిదో తరగతి దాకా చదివిన నాయనమ్మ కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో మాటా చూపిస్తూ చదివింది.

అలా నేను మొట్టమొదట చదవడం నేర్చుకున్న తెలుగు మాట అమ్మ కాదు, ఆవు కాదు. శ్రీరస్తు. రెండోది శుభమస్తు. మూడోది అవిఘ్నమస్తు. స కింద త వత్తు ఎక్కడ కూర్చుంటుందో అందుకే నాకు నిద్రలో కూడా తెలుసు. అఆలు ఆ తర్వాతెప్పుడో వచ్చాయి.

టైపు చేయడానికి తెలుగుకి మేము వాడింది అను స్క్రిప్టు, ఒడియాకి ఆకృతి. ఇప్పటి ఫోన్లో టైపు చేసేవాళ్లకి ఆ పద్ధతి ఊహకందదు. అక్షరం ఒక్క ముక్కగా రాదు. ఒంటి భాగం ఒకటి, తలకట్టు ఒకటి, గుడి ఒకటి, వత్తు ఒకటి, దేని గడి దానిదే. ఇటుక మీద ఇటుక పేర్చి కట్టుకోవడమే. భాష తెలిసినవాడికి అది చాకిరీ. నాకు మాత్రం మేలు చేసింది, ప్రతి అక్షరాన్నీ ముక్కలు విప్పి చూపించింది. తమాషా ఏమిటంటే అది తెలుగని కంప్యూటరుకి తెలీదు. దాని లెక్కలో అవన్నీ ఇంగ్లిషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులే. వేషం మాత్రం తెలుగు. ఆ ఫాంటు లేని మిషన్లో ఫైలు తెరిస్తే చిరంజీవి సౌభాగ్యవతి ఉండాల్సిన చోట బ్రాకెట్లు, కొక్కేలు కనిపించేవి. ఇచ్ఛాపురంలో ఒక ప్రెస్సుకి ఫ్లాపీ పంపితే వాళ్లు ఫోను చేసి "మీవాడు తాగి టైపు చేశాడా?" అని అడిగారు.

తాగడం మాటొచ్చింది కనుక ఇంకోటి చెప్పాలి. ప్రూఫులు చూసేది నాయనమ్మే, ఓనరుకి తెలీకుండా. సాయంత్రం ట్రేసింగు పేపరు తీసే ముందు మామూలు కాయితం మీద ఒక ప్రింటు ఇంటికి పట్టుకెళ్లేవాణ్ణి. అరుగు మీద వీధిలైటు వెలుగులో చదివేది. ఒకసారి చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఇదేటిరా, జనాలని భోజనానికి పిలుస్తన్నావా, సారాకి పిలుస్తన్నావా?"

మధ్యాహ్న విందు అని ఉండాల్సిన చోట ధ కింద గీత వదిలేశాను. మద్యాహ్న విందు అయింది. ఆ గీత బియ్యపు గింజంత కూడా ఉండదు. ఆ కార్డు అలాగే వెళ్లుంటే మొత్తం 400 ఇళ్లకి చేరేది.

నాయనమ్మకి చూపించకుండా పంపిన కార్డుతోనే నాకు నిజమైన చీవాట్లు పడ్డాయి. తెలుగువైపు వైశాఖ బహుళ పంచమి అని ఉంది, ఒడియావైపు జ్యేష్ఠ కృష్ణ పంచమి అని ఉంది. ఒకటే పెళ్లి, ఒకటే తారీఖు, నెలలు రెండేమిటని నేనే తెలివిగా ఒడియావైపు కూడా వైశాఖమని దిద్దేశాను. కార్డులు అచ్చయ్యాక పెళ్లికూతురి తరఫు పురోహితుడు వచ్చి కౌంటరు దగ్గర ఊరంతా వినేలా క్లాసు పీకాడు. మనకి నెల అమావాస్యతో అయిపోతుంది, వాళ్లకి పౌర్ణమితో అయిపోతుంది. కాబట్టి మనం వైశాఖ బహుళమనే పక్షాన్ని వాళ్లు అప్పుడే జ్యేష్ఠంలో వేసేస్తారు. శుక్లపక్షంలో పేచీ లేదు, కృష్ణపక్షంలోనే. రెండూ ఒప్పే. తప్పు నాది. మళ్లీ అచ్చేసిన ఖర్చు నా జీతంలో రెండు నెలలు కోశారు. తిడుతూ తిడుతూనే ఆయన అంత వివరంగా చెప్పాడు, ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ స్టూడియోలో నా కంటే ముందు నుంచీ ఉన్న మనిషి మాస్టారు. ఆయన పని టచింగు. కంప్యూటరు రాకముందు మొహాల మీద మచ్చలు, గీతలు తీసేది ఆయనే, నెగెటివు మీద పెన్సిలుతో. కింద అద్దం, పైన వాలుగా పాలగాజు పలక ఉన్న చిన్న చెక్కపెట్టె, దాని మీద నెగెటివు. ముందు ఒక మందు పూస్తే గానీ పెన్సిలు దాని మీద పట్టదు. నెగెటివులో అంతా తిరకాసు కదా, మొహం మీద నల్ల ముడత అక్కడ తేటగా కనిపిస్తుంది. ఆ తేటని సన్నటి చుక్కలతో నింపితే ప్రింటులో ముడత పోతుంది. పొరపాటున ఎక్కువ నింపితే మొహం మీద తెల్లమచ్చ. ఒక్క చుక్క వెనక్కి తీసుకునే దారి లేదు, మందుతో మొత్తం తుడిచి మొదటికి రావాలి. ఏదైనా నల్లబరచాలంటే బ్లేడు మొనతో పొరని గీకాలి, ఆ పనికి చెయ్యి వణకని మనిషే ఉండాలి.

నేను ఆయనకి హిస్టరీ పాలెట్టు చూపించాను. ఫోటోషాప్‌లో 1998 నాటి అయిదో వెర్షనులో వచ్చింది అది. అంతకుముందు చేసిన పనిలో ఒక్క అడుగే వెనక్కి వెళ్లగలిగేవాళ్లు. దీంతో 20 అడుగులు.

"20 తప్పులు చేసినా పర్లేదా?" అన్నారు మాస్టారు.

"అవసరమైతే ఇంకా పెంచుకోవచ్చండి."

"అయితే నువ్వు పని నేర్చుకోవడం కష్టమే" అని ఆయన చెక్కపెట్టె దుమ్ము తుడుచుకుంటూ కూర్చున్నారు.

మౌసు పట్టుకోవడం ఆయనకి చివరిదాకా రాలేదు, ఎలకతోక పట్టుకున్నట్టు పట్టుకునేవారు. కానీ నా వెనక స్టూలు వేసుకుని కూర్చుని చెప్పేవారు. 2002లో ఏడో వెర్షనుతో హీలింగ్ బ్రష్ వచ్చింది. అంతకుముందు క్లోన్ స్టాంపుతో పక్క చర్మాన్ని తెచ్చి మచ్చ మీద అతికేవాళ్లం, రంగు తేడా తెలిసిపోయేది. ఈ కొత్త బ్రష్షు చర్మపు గరుకుని తెచ్చుకుని, ఆ చోటి వెలుగునీడలని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచుతుంది. నాకు పిచ్చి పట్టింది. ఒక రోజంతా మొహాలన్నీ కోడిగుడ్డు పెంకుల్లా నున్నగా చేసి పెట్టాను. మాస్టారు అవన్నీ చూసి "వీళ్లంతా ఒకే తల్లి పిల్లలా?" అన్నారు, అంతే. (ఫోటోషాప్ సీడీ ఎక్కడిదని అడక్కండి. ఆ రోజుల్లో మా ఊళ్లోనే కాదు, ఎక్కడా ఎవరూ అడిగేవారు కాదు. డబ్బు కట్టి వాడటం నేను మొదలెట్టింది చాలా ఆలస్యంగా.)

స్టూడియోకి అసలు తిరునాళ్లు ఠాకురాణి జాతరప్పుడు. రెండేళ్లకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణి అమ్మవారు దేశీబెహరా వీధికి, పుట్టింటికి వస్తుంది. పుట్టింటివాళ్లు దేవాంగులు, తెలుగు నేతగాళ్లు. అందుకే ఆ నెల్లాళ్లూ మా వీధుల్లో కాస్త గర్వం ఎక్కువే. మొక్కుకున్నవాళ్లు వేషాలు కడతారు. ఒళ్లంతా పసుపు, నలుపు చారలు వేసుకున్న పులి వచ్చి నీలం గుడ్డ ముందు స్టూలు మీద కూర్చుంటే, లేచాక ఆ స్టూలు కూడా పులే. పులి పక్కన శివుడు, శివుడి పక్కన సోడా తాగుతూ యముడు. ఒడియాలో బేరం, తెలుగులో తిట్లు.

శుభలేఖల మీద బరంపురం పట్టుచీర కుంభం అంచు, అంటే గోపురాల్లా మొనలు తేలిన వరస, వేయించుకోవడం కూడా మా దగ్గరే మొదలైందని నా నమ్మకం. కోరెల్‌డ్రా అనే బొమ్మలు గీసే ప్రోగ్రాంలో ఒక కుంభం గీసి, దాన్ని వరసగా అతికించి, కార్డు చుట్టూ తిప్పాను. చూసుకుని మురిసిపోయాను. ఎదురింట్లో మగ్గం నేసే మావయ్య వచ్చి ఒక్క చూపు చూసి "మొనలు బయటికి పెట్టావేట్రా? కుంభం చీర లోపలికి సూడాల" అన్నాడు. నిజమే, అంచు మీంచి ఒంటి వైపు లేవాలి ఆ మొనలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న చీర. ఒక్కసారి కూడా చూడలేదన్నమాట.

ఇంతకీ రోజువారీ కూడు పెట్టింది మాత్రం ఇవేవీ కాదు. జాయింటు ఫోటోలు. ఇది పెద్ద ఊళ్ల డిజైనర్లకి చెప్తే నవ్వుతారు గానీ చిన్న ఊళ్లలో ఫోటోషాప్ బతికింది దీని మీదే. మొగుడూ పెళ్లాం కలిసి ఒక్క ఫోటో దిగకుండా ఒకరు పోతారు. పిల్లలు ఎదిగి ఇల్లు కట్టుకుంటారు, గోడ మీద అమ్మానాన్నలు పక్కపక్కన కావాలి. ఒకరిది రేషను ఆఫీసుకి దిగిన పాస్‌పోర్టు సైజు, ఇంకొకరిది ఏదో పెళ్లి గ్రూపులో వెనక వరసలో సగం తల. వాటిని తెచ్చి "కలపండి" అంటారు. చికిటి నుంచి, పాత్రపురం నుంచి, సురంగి నుంచి వచ్చేవాళ్లు. ఆ మాట చెప్పి కౌంటరు మీద రుమాలు విప్పేవాళ్లు, అందులో ఫోటో.

మా కంప్యూటర్లో "బాడీలు" అని ఒక ఫోల్డరు ఉండేది. తలలు లేని కోట్లు, టైలు, పట్టుచీరలు. కొత్తగా చేరిన గుంటడొకడు రాత్రిపూట ఆ ఫోల్డరు తెరిచి జడుసుకున్నాడు. జీవితంలో చొక్కా గుండీలు కూడా పెట్టుకోని రైతులకి నేను తొడిగిన కోట్లు ఎన్నో లెక్కలేదు. తల అతకడం తేలిక. మెడ దగ్గర రెండు పిక్సెళ్ల ఫెదరు ఇచ్చి అంచు మెత్తబరిస్తే కలిసిపోతుంది. కానీ ఏదో తేడాగా ఉండేది, ఏమిటో తెలిసేది కాదు. మాస్టారే చెప్పారు: "ముందు ముక్కు నీడ చూడు. ముక్కు నీడ కుడికి పడి కోటు నీడ ఎడమకి పడితే, వాళ్లిద్దరూ ఒక గదిలో కూర్చున్నట్టు ఎలా నమ్ముతారు?" ఇంకోటి, పాత ఫోటోకి గరుకు ఉంటుంది, కొత్తదానికి ఉండదు. కొత్తదానికి కాస్త నాయిస్, అంటే చుక్కల గరుకు, కలపాలి, అప్పుడే ఇద్దరికీ ఒకే వయసు వస్తుంది.

2004 వేసవిలో నాయనమ్మ అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ చేసి పెడుతున్నావు, మా ఇద్దరిదీ లేదు కదరా అని. తాత 1997లో పోయాడు. ఉన్నది ఒకే ఫోటో, ఓటరు కార్డు మీద. గోరంత నలుపు తెలుపు, ఎండకి కళ్లు చిట్లించుకుని, ఎవరినో తిట్టబోతున్నట్టు. స్కానరులో పెట్టి 600 డీపీఐలో తీశాను. పెద్దది చేస్తే మనిషి బదులు చుక్కలే కనిపించాయి. అవి సర్దడానికే మూడు రాత్రులు పట్టింది. నాయనమ్మని నీలం గుడ్డ ముందు కూర్చోబెట్టి తీశాను. ఆదివారం సిద్ధం చేసి స్టూడియోకి పిలిచాను.

చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది.

"మీ తాతకి కోటేటిరా? మగ్గం గుంటలో కోటేసుకుని కూకున్నాడేటి?"

కోటు తీసేశాను. మరి ఒళ్లు ఎవరిది పెట్టాలి? మా నాన్నని పిలిచి, తెల్ల చొక్కా, కండువా వేయించి తీశాం. భుజాలు ఒకేలా ఉంటాయి కదా. అలా తాత తలకి నాన్న ఒళ్లు కుదిరింది. నాయనమ్మకి తృప్తి కలగలేదు.

"నన్ను ఆయనకి కుడిపక్కన పెట్టావు. పెళ్లాం ఎడం పక్కన కదేటి ఉండాల."

ఇది తేలికనుకున్నాను. చోటు మార్చి, మొహం ఆయన వైపు ఉండటానికి ఫ్లిప్ హారిజాంటల్ కొట్టాను, అద్దంలో బొమ్మలా తిరిగిపోయింది. అయిపోయిందన్నాను. ఆవిడ తెర దగ్గరికి వంగి చూసి తన భుజం తడుముకుంది.

"పైట కుడి భుజం మీదకి ఎలా ఎల్లిపోనాదిరా?"

గదిలో అందరూ నవ్వారు, మాస్టారు తప్ప. ఆయన మాత్రం నా వంక చూసి "జేబులు కూడా చూసుకో, పుట్టుమచ్చలు కూడా చూసుకో" అన్నారు. అప్పటిదాకా ఎందరిని అలా తిప్పేశానో తల్చుకుంటే ఒళ్లు చల్లబడింది. ఎన్ని ఇళ్లల్లో ఎందరు తల్లులు కుడి భుజం మీద పైటతో గోడల మీద ఉన్నారో. మాస్టారు లేచి గొడుగు లైట్లని ఇటుది అటు మార్చారు. నాయనమ్మని రెండోవైపు తిరిగి కూర్చోబెట్టి మళ్లీ తీశాం. ముక్కు నీడ కుదిరింది. పైట కుదిరింది.

ఇక మిగిలింది అడగాలా వద్దా అని నేను నానుస్తున్న సంగతి. జాయింటు ఫోటోల్లో ఇది ప్రతిసారీ వచ్చే చిక్కే. భర్త పోయిన ఆవిడ ఫోటోకి బొట్టు పెట్టాలా? కొందరు పిల్లలు పెట్టమంటారు, కొందరు వద్దంటారు, ఒకే ఇంట్లో అన్నదమ్ములు కౌంటరు దగ్గరే కొట్టుకుంటారు. మన అంతట మనం పెట్టకూడదు, అడిగే పెట్టాలి, అది మాస్టారి కట్టడి. కానీ అప్పటిదాకా మేము అడిగింది ఎప్పుడూ కొడుకుల్నే. ఆవిణ్ణి ఎవరూ అడిగినట్టు నాకు గుర్తు లేదు.

"నాయనమ్మా... బొట్టు?"

నా వైపు చూడలేదు. తెర మీద తాతనే చూస్తూ అంది. "పక్కన ఆయనుండగా బొట్టు నేకుండా కూకుంటానేటి?"

గుండ్రంగా సెలెక్టు చేసి, అంచు కాస్త మెత్తబరచి, ఎర్రరంగు నింపి, చర్మంలో కలిసేలా మల్టిప్లైలో పెట్టాను. ఆవిడ వేలు తెర మీద ఆనించి దారి చూపించింది. కిందకి దించు. ఇంకాస్త. అదేటి అంత పెద్దది, పావలా కాసనుకున్నావేటి. చిన్నది సెయ్యి. ఆ. అక్కడ. తెర మీద వేలి ముద్ర ఉండిపోయింది, రెండు మూడు రోజులు తుడవబుద్ధి కాలేదు.

ప్రింటు తీయించి ఫ్రేము కట్టించి చేతికిస్తే, చంకలో పెట్టుకుని చెయ్యి చాచింది.

"నెగెటివు నాకియ్యరా."

"ఇందులో నెగెటివు ఉండదు నాయనమ్మా."

"నెగెటివు నేకుండా ఫోటో ఎలా వొచ్చిందిరా? పూర్వం స్టూడియోలోళ్లు ఇలాగే దాసుకునీవోరు, మళ్లీ మళ్లీ డబ్బులు గుంజడానికి. ఇయ్యి."

మాస్టారు నవ్వు ఆపుకుంటున్నారు. వాదించలేక ఆ పీఎస్‌డీ ఫైలుని, తల, ఒళ్లు, బొట్టు వేటికవి విడివిడి పొరలుగా (వాటినే లేయర్లంటారు) ఉన్నవి ఉన్నట్టుగా, ఒక సీడీలోకి రాసి ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, దాంట్లో తన మొహం చూసుకుని, పట్టుచీర మడతలో పెట్టి ట్రంకుపెట్టెలో వేసింది.

తర్వాతి ఏళ్లు తొందరగా దొర్లాయి. మాస్టారు పని మానేశారు. ఫిల్ము పోయింది. ఫ్లెక్సీలు వచ్చి ఊరంతా రాజకీయ నాయకుల తలకాయలు మొలిచాయి. పెళ్లి ఫోటోలని పుస్తకంలా అచ్చేసే కరిజ్మా ఆల్బమ్‌లలో పెళ్లికూతుళ్లు స్విట్జర్లాండ్ మంచులో నిలబడ్డారు, ఆ మంచు మా దగ్గర ఒక డీవీడీ నిండా ఉండేది. 2011లో రాష్ట్రం పేరు ఒరిస్సా నుంచి ఒడిశా అయినప్పుడు లెటర్‌హెడ్లు, విజిటింగ్ కార్డులు మళ్లీ అచ్చేసి నెలన్నర తీరిక లేకుండా గడిచింది. ఒడియాలో ఆ పేరు ఎప్పుడూ ఒడిశానే కాబట్టి ఆ వైపు మేము మార్చింది ఏమీ లేదు, ఇంగ్లిషు వైపే మార్చాం, డబ్బు మాత్రం రెండు వైపులకీ తీసుకున్నాం. ఓనరు వదిలేస్తానంటే షాపు నేనే తీసుకున్నాను. యూనికోడ్ తెలుగు వచ్చింది గానీ పాత ఫోటోషాప్‌లో వత్తులు కిందికి దిగేవి కావు, అక్షరం పక్కన బిక్కమొహం వేసుకుని నిలబడేవి. అందుకని చాలాకాలం అనులోనే ఉండిపోయాను.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. దసరా రోజులు. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఆ ముందు వారమే అచ్చేసిన దుర్గాపూజ ఫ్లెక్సీలు ఏ ఊరెళ్లిపోయాయో తెలీదు. షాపు రేకులు లేచిపోయి, రాత్రంతా వాన లోపలే కురిసింది. హార్డ్‌డిస్కులు చచ్చిపోయాయి. 12 ఏళ్ల పని రాసుకున్న సీడీలు కాయితం కవర్లలో వరసగా పేర్చి ఉండేవి. తడిసిన కవరు లాగితే దానితోపాటు లేబులు, లేబులుతోపాటు వెండిపొర ఊడి వచ్చేశాయి. చేతిలో మిగిలింది అటూ ఇటూ కనిపించే ప్లాస్టిక్ బిళ్ల. మా వీధికి కరెంటు రావడానికి 12 రోజులు పట్టింది. ఇంట్లో గోడ నాని ఆ జాయింటు ఫోటో కూడా ఫ్రేములో అద్దానికి అతుక్కుపోయింది, తాత సగం మొహం అద్దంతోనే వచ్చేసింది. నాయనమ్మ దాన్ని ఎండలో పెట్టింది, పనికి రాలేదు. నన్నేమీ అనలేదు. అప్పటికి ఆవిడ మాట తగ్గిపోయింది.

ఆ చలికాలంలోనే పోయింది. పెద్దకర్మకి ఫోటో కావాలి. షాపులో ఏదీ మిగల్లేదు. పెట్టె సర్దుతున్న మా అమ్మ పట్టుచీర విప్పితే కలరా ఉండల వాసనతోపాటు సీడీ జారి కింద పడింది. దాని మీద నా రాతలోనే, వంకర ఒడియా అక్షరాల్లో, తాత నాయనమ్మ అని ఉంది. అప్పటికి నాకు తెలుగు రాయడం కీబోర్డు మీదే వచ్చు, పెన్నుతో రాదు.

తెరిచాను. లేయర్లన్నీ ఉన్నాయి. ఒక్క దానికీ పేరు పెట్టలేదు, లేయర్ 4, లేయర్ 4 కాపీ, లేయర్ 7. ఆవిడది ఒక్కదే కావాలి కనుక తాత తల పక్కనున్న కన్ను బొమ్మ మీద నొక్కాను, తాత పోయాడు. నాన్న ఒంటి మీద నొక్కాను, అదీ పోయింది. అప్పుడు కనిపించింది, నాయనమ్మకి కుడి చెయ్యి లేదు. భుజాలు కలిసే చోట తుడవకుండా దాచిపెట్టే మాస్కు పెట్టడానికి బద్ధకించి, ఆ రోజు రబ్బరుతో తుడిచేశాను. తుడిచింది తిరిగి రాదు. ఫోటోని భుజం పైదాకా కత్తిరించాల్సి వచ్చింది.

లేయర్ 7 బొట్టు. ముత్తైదువుగా పోలేదు కదా, బొట్టు లేని ఫోటోయే పెట్టండని పెద్దవాళ్లు ముందే చెప్పి పంపారు. దాని పక్కనా కన్ను ఉంది, ఒక్కసారి నొక్కితే సరిపోతుంది. బాణం అక్కడిదాకా తీసుకెళ్లాను. అక్కడ కాసేపు ఉంచి, వెనక్కి తెచ్చి, ప్రింటు ఇచ్చేశాను.

కర్మ రోజు దండ వేస్తూ మా మేనత్త ఫోటో వంక పరకాయించి చూసింది.

"ఇది ఎప్పటిదిరా? నేను సూడనేదే."

"తాత ఉన్నప్పటిది, అత్తా" అన్నాను.